చివరి గదిలో ఉప్పు గుమాస్తా

తమిళ తీరాన, పిళ్ళైచావడిలో, సముద్రం వైపు తిరిగిన పెంకుటిల్లు ఒకటుంది. దాని చివరి గది పేరెత్తితే పక్కూరు కాలాపేట దాకా కుక్కలు మొరగడం మానేస్తాయి — అంత చెడ్డపేరు. తెల్లదొరల కాలంలో ఉప్పు గుమాస్తా ఒకడు ఆ గదిలో ప్రాణం విడిచాడట. విడిచినవాడు విడిచినట్టు పోకుండా, ఈ లోకంలో ఎవరికీ తెలియని భాషలో గోడలకి ఏవో అప్పజెబుతూ ఉంటాడట. ఆ కిటికీ ముందునుంచి పోవాల్సి వస్తే జాలరులు సముద్రంలో దిగి, చుట్టుతిరిగి, అటువైపు ఒడ్డెక్కేవాళ్ళట... నమ్మకపోతే వెళ్ళి అడగొచ్చు.

రెండువేల ఆరులో ఆ ఇంట్లోనే ఒక సిస్టరమ్మ దిక్కులేని ముసలమ్మలకి ఆశ్రమం నడిపేది. చివరి గదిలో పడుకోమంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. అందుకని తిలగాన్ని పడుకోబెట్టారు. ఆమె బస్‌స్టాపులో దొరికిన మనిషి. మూతి ఒక పక్కకి లాగేసింది, మాట లేదు. ఆ పేరు కూడా వంట చూసే మణియమ్మ పెట్టిందే. నోరులేనిదానికి దెయ్యంతో పేచీ ఏముంటుందని అందరూ ధర్మంగా తేల్చేశారు.

క్రిస్మస్ నెల మొదలైంది... ఆ గదిలో గొంతు లేచింది.

మూగది మాట్లాడదు కాబట్టి మాట్లాడేది దెయ్యమే. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏ కోర్టులో దొరుకుతుంది?

ఆ నెల మొదటి రోజే ఆశ్రమానికి ఇంకో ఉపద్రవం వచ్చింది — సేవ చెయ్యడానికి లోగనాయకి కుటుంబం.

టౌన్లో పాత్రల అంగడి వాళ్ళది. తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. లోగనాయకి నాలుక పదును ఎంతంటే, ఆమె అంగట్లో నిలబడితే కత్తిపీటలు సిగ్గుతో మొద్దుబారేవి. ఇక భర్త గోవిందస్వామి ధైర్యం... పులి ఎదురొస్తే పులికి పారిపోయే దారి చూపిస్తానని బీరాలు పలికేవాడు. బల్లి కనిపిస్తే మాత్రం భార్యని పిలిచేవాడు. కాలేజీ చదివే కూతురు జననికి పండగ నెలంతా ఆశ్రమంలో పనిచెయ్యాలని బుద్ధిపుట్టి, ఇద్దర్నీ లాక్కొచ్చింది.

సాయంత్రమైతే ముగ్గురూ వంటగదిలో గోడకి ఆనుకుని కూరగాయలు తరిగేవాళ్ళు. ఆ గోడకి అవతలే చివరి గది. వినేవాళ్ళకి తెలుగు రాదన్న ధీమా ఒకటి. తెలుగు చేతిలో ఉండగా రహస్యానికి తలుపులెందుకు?

“సిస్టరమ్మ నడక చూసినారా? గంగాళం దొర్లించినట్టు ఉండాది,” అంది లోగనాయకి.

“మెల్లగా మాట్లాడవే,” అన్నాడు గోవిందస్వామి.

“ఈళ్ళకేం అర్థమయ్యేది? ఈ మణియమ్మ రసం ఉండాదే... పాత్ర కడిగిన నీళ్ళకీ దానికీ తేడా యాడుండాది?” అని, మణియమ్మ వైపు తిరిగి తమిళంలో, “రసం అమృతం అక్కా,” అంది లోగనాయకి.

“మరి మనం ఇచ్చిన చీరలు?” అంది జనని.

“మన పనిమనిషి వద్దన్నవి. ఈడికి వస్తే పుణ్యమైపోయినాయి.”

రోజు రోజుకీ చివరి గదిలో గొణుగుడు పెరిగింది. ముసలమ్మలంతా చాపలు చుట్టుకుని వసారాలోకి చేరారు. కడలి గాలికి రాత్రంతా దగ్గులే. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం సిస్టరమ్మని చుట్టుముట్టి తేల్చి చెప్పేశారు — గుమాస్తా తిలగం ఒంట్లో దూరాడు, తిలగమైనా ఉండాలి, మేమైనా ఉండాలి.

సిస్టరమ్మ మెడలోని శిలువ పట్టుకుంది. “పండగ కాగానే ఆమెని పంపించేస్తాను,” అంది. పంపేది ఎక్కడికో అందరికీ తెలుసు. తలుపులకి బయటివైపు గొళ్ళెం ఉండే పిచ్చాసుపత్రికి.

గోవిందస్వామి లేచి పంచె బిగించాడు. “నేను పోతా. గుమాస్తాని జుట్టు పట్టి ఈడ్చుకొస్తా.”

అప్పుడే కరెంటు పోయింది.

నడవలోకి దిగినప్పుడు ముందున్నది గోవిందస్వామే. ఆ చీకట్లో ఏ మాయ జరిగిందో గానీ, తలుపు దగ్గరికి వచ్చేసరికి కొవ్వొత్తి లోగనాయకి చేతిలో ఉంది. ఆయన అందరికీ వెనక, వెనకనుంచి వచ్చే ప్రమాదాన్ని కాస్తున్నాడు.

తలుపు ఓరగా తెరిచి ఉంది...

లోపల — తడి తడిగా, ముక్కలు ముక్కలుగా, నోట్లో ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు — గొణుగుడు.

“తిలగం,” అని గుసగుసగా పిలిచింది సిస్టరమ్మ.

గొణుగుడు ఆగింది. సముద్రం కూడా ఆగిందని తరవాత మణియమ్మ ఊరంతా చెప్పింది.

మళ్ళీ మొదలైంది.

“...గం... గాళం... దొర్లిచ్చి... నట్టు... ఉండాది...”

లోగనాయకి ఒక అడుగు ముందుకి వేసింది. మాట తనది. సాగదీత తనది. చివర్లో ఆ వెటకారమూ తనదే. నా పాపాలు రాసుకోవడానికి చిత్రగుప్తుడు చాలక ఉప్పు గుమాస్తాని పెట్టుకున్నారా అనుకుంది.

“...పాత్ర కడిగిన... నీళ్ళు... పనిమనిషి... వద్దన్నవి...”

కొవ్వొత్తి పైకెత్తింది. మంచం మీద తిలగం. కళ్ళు మెరుస్తున్నాయి. వంకర మూతి నవ్వుతోంది.

“వచ్చినావా అమ్మే... నేను గోడకి ఈ పక్కనే ఉండా.”

ఎన్నాళ్ళుగా బిగుసుకుపోయిన నాలుకో. తమిళం పిలిస్తే పలకలేదు, మందు పోస్తే కదల్లేదు. గోడ అవతలనుంచి తన పుట్టుభాష తెలుగు రోజూ చెవిన పడి పడి, ఊడొచ్చింది. వచ్చింది కూడా ముద్దముద్దగా, నమిలిన అన్నంలా. ఇంత దగ్గరికి వస్తే గానీ అది భాషేనని తెలియదు.

“మీకేమైనా అర్థమవుతోందా?” అని అడిగింది సిస్టరమ్మ.

వెనకనుంచి గోవిందస్వామి తెలుగులో ఊదాడు. “అర్థం కాలేదని చెప్పేయ్. అయిందంటే, ఏం చెప్తా ఉండాదని అడుగుతారు.”

జన్మలో మొదటిసారి ఆయన తెలివైన మాట అన్నాడు. కాలేదంటే తిలగం గొళ్ళెం వెనక్కి పోతుంది. అయిందంటే లోగనాయకి పరువు పోతుంది. పైగా రేపు పండగ సభలో, సేవ చేసినందుకు శాలువా కప్పబోయేది ఆమెకే.

“అమ్మా,” అంది జనని. అంతే అంది.

లోగనాయకి సిస్టరమ్మ వైపు తిరిగింది. “ఇది తెలుగే సిస్టర్. మా భాషే.”

“ఏమంటోంది?”

కురుక్షేత్రంలో అన్ని అక్షౌహిణులు కలిసి కూడా అంత సాహసం చేసి ఉండవు. గంగాళం, రసం, చీరలు — ఒక్క మాట జారనివ్వకుండా తమిళంలోకి దించేసింది. అవన్నీ తన మాటలేనని కూడా చెప్పేసింది. మణియమ్మ చేతులు నడుం మీదికి వెళ్ళాయి.

సిస్టరమ్మ కొవ్వొత్తి అందుకుని లోగనాయకి మొహానికి ఎదురుగా పట్టింది.

“ఈ నెలంతా మీరు తెచ్చినవాటిలో పనికొచ్చింది ఇదొక్కటే,” అంది. “రోజూ రండి. ఆ గోడ పక్కనే కూర్చుని తెలుగులో మాట్లాడండి. నన్ను ఏమన్నా సరే.”

తిలగం ఎక్కడికీ పోలేదు. శాలువా వేరే పుణ్యాత్మురాలికి పోయింది.

పండగ మర్నాడు లోగనాయకి గోడకి ఆనుకుని బీన్స్ తరగడానికి కూర్చుంది. ఎదురుగా సిస్టరమ్మా మణియమ్మా మర్యాదగా చేతులు కట్టుకుని కూర్చున్నారు... వినడానికి. గోవిందస్వామికి తలెత్తి పైకప్పు పెంకులు లెక్కపెట్టే పని పడింది.

లోగనాయకి నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది.

గోడ అవతల వేలి కణుపుతో ఎవరో మెల్లగా తట్టారు.

“ఏందమ్మే... ఈ పొద్దు ఎవురి మీదా ఏమీ లేదా?”