అవ్వ నోట్లో ఆకువక్క

మే నెలలో ఒక పొద్దున, ఆళ్లగడ్డలో మా ఇంట్లోనే అవ్వ నిద్రలో పోయింది. నాయన లారీ తోలుకొని నిజామాబాద్ కాడ ఉన్నాడు. ఫోన్లో ఏడుస్తా ఒకటే మాట చెప్పినాడు.

"హిమా, నేనొచ్చేదాకా అమ్మను తీయొద్దండి. అమ్మ మొహం చెడిపోకుండా చూడు పాపా. ఒక్కసారి చూసుకోవాల."

చూస్తానని మాటిచ్చినా.

నంద్యాల నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పించినాం. తెచ్చిన ప్రవీణన్న పోతా పోతా చెప్పినాడు. "కరెంటు పోయినా మూత మాత్రం తీయొద్దండమ్మా. చల్లదనం పోయిందంటే వాసన మొదలైతాది."

మా ఇండ్లల్లో పోయినోళ్ల నోట్లో దంచిన ఆకువక్క పెట్టి సాగనంపుతారు. పెట్టెలో పెట్టినాక నోరు బిగుసుకుపోతాదని, ముందే పెట్టేయాలనింది నాయన అక్క జయమ్మత్త. అవ్వకు పళ్లు లేవు. రోజూ చిన్న రోట్లో నేనే దంచిచ్చేదాన్ని. ఆ పొద్దు ఆ రోలు ఇల్లంతా వెతికినా కనపడలే.

"వంటింట్లో రోట్లో దంచుకొస్తా అత్తా."

"శవానికి పెట్టేది కూరల రోట్లో దంచుతారా మే? నమిలి పెట్టు."

"ఛీ! నువ్వే నములు."

"నావి కట్టుడు పళ్లు. వీటితో నమిలి పెడితే మీ అవ్వ లేచొచ్చి తిడతాది."

అందరూ చూస్తాండారు. నమిలినా. ఆకు, వక్క, సున్నం. అవ్వకు పొగాకు లేకుంటే పొద్దు పోదు, కానీ నేను వేయలే, నాకు వాంతొస్తాది. ముద్ద వేళ్లతో తీసి అవ్వ నోరు తెరిచినా. లోపల పాత ఆకువక్క తమ్మ వాసన, పులిసిపోయిన ఉమ్మి వాసన. చిగుళ్లు జిగటగా, సల్లగా తగిలినాయి. ఎడమ దవడకు ముద్ద తోసి చెయ్యి తీస్తే, వేలి నుంచి అవ్వ గదమ దాకా ఎర్రటి జొల్లు తీగలాగా సాగింది. గదమ కింద నుంచి నెత్తి మీదికి గుడ్డ కట్టి, పెట్టె మూసినాం.

మధ్యాహ్నం కరెంటు పోయింది.

చుట్టాలంతా బయట షామియానా కిందికి పోయినారు. నేనూ అత్తా మిగిలినాం. పెట్టె మూత అద్దం మీద నీళ్లు పట్టినాయి. ఊదొత్తుల పొగ, వాడిన బంతిపూలు, వాటి కింద ఇంకేదో తియ్యటి కుళ్లు వాసన. ఈగలు అద్దాన్ని నాకుతాండాయి. నాయనకు మాటిచ్చినా గదా... మొహం ఎట్లుందోనని కొంగుతో అద్దం తుడిచినా.

ముద్ద కుడి దవడకుంది.

ఎడమ పక్కనే పెట్టినా. నా చేత్తోనే పెట్టినా.

"అత్తా..." భుజం తట్టినా. "అవ్వ దవడ చూడు."

"మంచు కరుగుతాంది మే. అట్లే కనపడతాది." కునికిపాట్లు పడతానే చెప్పింది.

అద్దం మళ్లీ మసకేసింది. లోపల నుంచి... చప్... చప్... అవ్వ మంచం కాడ రోజూ వినే చప్పుడే. మళ్లీ తుడిచినా. గదమ కింద గుడ్డ మెల్లగా కిందికి సాగింది. పైకొచ్చింది. మళ్లీ సాగింది. పెదాల మూల నుంచి ఎర్రటి చుక్క జారి, దిండు మీద పడింది.

మూత తీయలే. అరవలే. మాటిచ్చినా కాబట్టి కాదు. తీస్తే అవ్వ కండ్లు తెరుస్తాదేమోనని.

పొద్దుగూకేటప్పుడు నాయన వచ్చినాడు. మూత తీయించి, అవ్వ చెంపలు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మొహం ఏం చెడలేదు పాపా. నిద్రపోయినట్టే ఉంది." ఏడుస్తానే గుడ్డ విప్పినాడు. నోరు మెత్తగా తెరుచుకుంది. వేలు పెట్టి చూసినాడు. "ఏందక్కా, ఆకువక్క పెట్టలేదా?"

"పెట్టింది గదప్పా, నా ముందరే!"

లోపల ఏమీ లేదు. ఎరుపు కూడా లేదు. ఎవరో తుడిచి పెట్టినట్టు, తెల్లటి చిగుళ్లు.

నాయన తలెత్తి నా దిక్కు చూసినాడు. "నువ్వేందమ్మా నములుతాండావ్?"

అప్పుడు తెలిసింది నాకు, నా దవడ ఆడతాందని.

అరచేతిలోకి ఉమ్మినా. మెత్తగా నలిగిన ముద్ద, పంటి గాటు ఒక్కటీ లేదు. ఐసు ముక్క మాదిరి సల్లగా ఉంది. పొగాకు వాసన గుప్పుమనింది.

అవ్వను పూడ్చి పెట్టినాం. దినాలు కూడా అయిపోయినాయి. ఎన్నిసార్లు ఉమ్మినా, ఎన్నిసార్లు నోరు కడిగినా, పొద్దు పోయేసరికి మళ్లీ ఉంటాది. ఇది టైప్ చేయబట్టినప్పుడు ఎడమ దవడకుండె.

ఇప్పుడు కుడి దవడకుంది. నేను మార్చలే.