నాన్న బ్యాటరీ సైకిల్

పిల్ల స్కూల్ నుంచి వచ్చేసరికి ఇంటి ముందు కొత్త సైకిల్ ఉంది. ఇంట్లోవాళ్లందరూ దాని చుట్టూ నిలబడి ఉన్నారు. ఒక్క నాన్న ముఖంలో తప్ప ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు.

నాన్న టైలర్. ముందుగది ఆయన కొట్టు, వెనక గదులు ఇల్లు. ఒకప్పుడు కుట్టుమిషన్‌ని కాళ్లతో తొక్కేవాడు. పని పెరిగాక దానికి మోటారు బిగించాడు. ఇప్పుడు కింద ఉన్న పలకని పాదంతో కాస్త నొక్కితే చాలు, సూది టకటకా పరుగెడుతుంది. మిషన్ వేగం పెరిగింది. దాంతోపాటు నాన్న పొట్ట కూడా పెరిగింది. మోకాళ్లు పట్టేశాయి. రోజూ ఏదో ఒక ఎక్సర్‌సైజ్ చేయాల్సిందేనని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. అందుకే ఈ సైకిల్.

మామూలు సైకిల్ కాదు, బ్యాటరీది. ఇంకా కొనలేదు. వారం రోజులు తొక్కి చూడండి, నచ్చకపోతే తిరిగిచ్చేయండి అని షాపతను పంపించాడట.

"ఊరికే ఎందుకిచ్చాడు?" అంటూ నాయనమ్మ దాని సీటుని వేలితో పొడిచి చూసింది. ఇందులో ఏదో తిరకాసు ఉందని ఆవిడ అనుమానం. అనుమానించకుండా ఆవిడ వంకాయలు కూడా కొనదు.

అమ్మ అనుమానం వేరు. ఇంతకుముందు కూడా నాన్న ఒక ఎక్సర్‌సైజ్ మిషన్ తెచ్చాడు. ఇప్పుడు దాని మీద కుట్టాల్సిన ప్యాంట్లు వేలాడుతున్నాయి. ఈ సైకిల్‌కి హ్యాండిల్ ఇంకా పొడుగ్గా ఉంది కాబట్టి చొక్కాలు కూడా వేలాడదీయొచ్చని అమ్మ అంది.

అందరికంటే పెద్ద అనుమానం పిల్లది. ఐదో తరగతి చదివే ఆ పిల్లని నాన్న 'ఇన్‌స్పెక్టరమ్మా' అని పిలుస్తాడు. డబ్బాలో బిస్కెట్లు తగ్గితే ఎవరు తిన్నారో ముఖం చూసి చెప్పేస్తుంది.

"మోటారుంటే ఎక్సర్‌సైజ్ ఎలా అవుతుంది నాన్నా? మిషన్‌కి మోటారు పెట్టాకేగా నీ కాళ్లు పని మానేసింది?"

మనం తొక్కుతూనే ఉండాలనీ, అది కాస్త సాయం చేస్తుందంతేననీ నాన్న చెప్పాడు. మిషన్‌కి మోటారు పెట్టించిన రోజు కూడా ఇలాంటి కబుర్లే చెప్పారని అమ్మ గుర్తుచేసింది.

పిల్ల మర్నాటి నుంచే నిఘా మొదలుపెట్టింది.

నాన్న పొద్దున్నే సైకిలెక్కి కాలువ వంతెన వైపు వెళ్తున్నాడు. తిరిగొచ్చేటప్పుడు పెద్దగా చెమట ఉండటం లేదు. పైగా ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఎక్సర్‌సైజ్ చేసి వచ్చే మనిషి పాట పాడతాడా?

ఒకరోజు మేడ ఎక్కి చూసింది. నాన్న వంతెన దిగి ఇంటివైపు వస్తున్నాడు. జుట్టు గాలికి ఎగురుతోంది. కాళ్లు మాత్రం కదలడం లేదు. బొమ్మ కాళ్లలా అలాగే ఉన్నాయి.

దొరికిపోయాడు, అనుకుంది పిల్ల. మిషన్‌లాగే దీన్ని కూడా పాదంతో నొక్కిపెట్టి కూర్చుంటున్నాడన్నమాట.

అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడు. అందుకని అడగలేదు. సాయంత్రం నాన్న ఛార్జర్ పెట్టి, లైటు వెలిగిందో లేదో చూసుకుని, భోజనానికి లోపలికెళ్లాడు. పిల్ల మెల్లగా వచ్చి ప్లగ్‌ని కొంచెం బయటికి లాగింది. పైకి మాత్రం పెట్టినట్టే ఉంది.

బ్యాటరీ లేకపోతే నాన్న నిజంగా తొక్కక తప్పదు. ఆయన మంచికే కదా. పడుకునే ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ నాన్న మోకాళ్లు బాగవ్వాలని కోరుకుంది. ప్లగ్ సంగతి మాత్రం దేవుడికి చెప్పలేదు.

మర్నాడు నాన్న మసక చీకట్లోనే బయల్దేరాడు. స్కూల్ టైమ్ దగ్గర పడినా తిరిగి రాలేదు. కొట్టు ముందు ఒకాయన తన కోటు కోసం కాచుకుని ఉన్నాడు. అమ్మ వీధి చివరిదాకా వెళ్లి చూసి వచ్చింది.

చివరికి నాన్న కనిపించాడు. సైకిల్ మీద లేడు. దాన్ని తోసుకుంటూ, కుంటుతూ వస్తున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. వంతెన అవతల బ్యాటరీ అయిపోయిందట. ఇనపగుండులాంటి ఆ బరువుని వంతెన మీదికి తోసుకుంటూ రావాల్సి వచ్చిందట. మోకాలు వాచి కొబ్బరికాయలా అయింది. అమ్మ గబగబా ఐస్ తెచ్చి గుడ్డలో చుట్టి పెట్టింది.

"ఇవాళే తిరిగిచ్చేస్తాను," అన్నాడు నాన్న కళ్లు మూసుకుని. "ఇక ఈ ఎక్సర్‌సైజులు నా వల్ల కాదు. నన్నిలాగే వదిలేయండి."

ఊరికే వచ్చిన బ్యాటరీ అలాగే ఉంటుందని నాయనమ్మ అంది. అందరూ ఆ మాటే నమ్మారు. బ్యాటరీ లేకుండా నాన్న తొక్కలేడని తేలింది కాబట్టి, తన అనుమానం గెలిచిందని పిల్ల సంతోషపడాలి. కానీ కంచంలో అన్నం అలాగే వదిలేసి లేచింది.

సాయంత్రం సైకిల్ తోయడానికి సాయం రమ్మని నాన్న పిల్లని తీసుకెళ్లాడు. షాపతను బ్యాటరీ విప్పి, వైర్లు తగిలించి చూసి, ఇందులో ఏ లోపమూ లేదన్నాడు.

"రాత్రి ఛార్జింగ్ పెట్టారా?"

"పెట్టానండీ."

"నిజంగా పెట్టారా?"

షాపతను నాన్నని ఎగాదిగా చూశాడు. చాలామంది ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయి, తర్వాత తప్పు బ్యాటరీ మీదికి నెడతారని కూడా అన్నాడు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా కుట్టగా జానెడు గుడ్డ మిగిలినా దాన్ని మడతపెట్టి ఇచ్చేసే మనిషి ఆయన. కాళ్ల దగ్గర చూస్తూ నిలబడ్డాడు.

షాపతను చూసిన ఆ చూపు పిల్లకి తెలుసు. మేడ మీంచి తను చూసిన చూపు అదే.

"నాన్న పెట్టాడండీ. నేనే తీసేశాను."

నాన్న పిల్ల వైపు తిరిగాడు.

"ఎందుకమ్మా?" అన్నాడు నాన్న. కోప్పడి ఉంటే పిల్లకి కాస్త తేలిగ్గా ఉండేది.

పిల్ల అంతా చెప్పింది. మేడ ఎక్కడం, కదలని కాళ్లు, కుట్టుమిషన్ మోటారు, అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

"వంతెన దిగేటప్పుడు నువ్వైనా తొక్కుతావా తల్లీ?" అన్నాడు నాన్న.

పిల్ల తన స్కూల్ సైకిల్‌ని తలుచుకుంది. తొక్కదు.

షాపతను సైకిల్ వెనక చక్రాన్ని పైకెత్తి స్టాండు వేసి, వేరే బ్యాటరీ తగిలించాడు. పెడల్ని చేత్తో తిప్పి చూడమన్నాడు. పిల్ల తిప్పింది. ఎవరో పక్కన చేరి చెయ్యి కలిపినట్టు చక్రం జోరందుకుంది. చెయ్యి ఆపగానే మోటారూ ఆగిపోయింది. పెడల్ని తిప్పకుండా నొక్కి పట్టుకుని చూసింది. మోటారు ఉలకలేదు.

"ఇదివరకు మామూలు సైకిల్ మీద వంతెన దగ్గరికి రాగానే దిగిపోయేవాణ్ణి," అన్నాడు నాన్న. "మోకాళ్లు ఒప్పుకునేవి కావు. మొన్ననే అవతలికి వెళ్లగలిగాను. అందుకే పాట వచ్చింది."

షాపతను గొంతు సవరించుకుని, తప్పుగా అనుకోవద్దని నాన్నతో అన్నాడు. ఇంకా గడువుంది కదా, ఉంచుకోమన్నాడు. తనకిక మనసు లేదన్నాడు నాన్న. పిల్ల కళ్లు తుడుచుకుని, స్టాండు తీసి, హ్యాండిల్‌ని ఇంటివైపు తిప్పింది. నాన్న వెనకాలే నడిచాడు.

ఇంట్లో కూడా పిల్లే అంతా చెప్పింది. అమ్మ తల పట్టుకుంది. నాయనమ్మ మాత్రం, "నాకు అనుమానమొస్తే కూరగాయలవాణ్ణే అడుగుతాను. వెనకనుంచి వెళ్లి వాడి తక్కెడ లాగను," అంది.

వాపు తగ్గాక ఒక ఉదయం పిల్ల కూడా తన సైకిల్ తీసుకుని నాన్నతో బయల్దేరింది. వంతెన ఎక్కేటప్పుడు నాన్న రొప్పు వెనకదాకా వినబడింది. పిల్ల తొక్కలేక దిగి తోసుకుంటూ నడిచింది. నాన్న వంతెన దాటి కనబడకుండా పోయాడు.

పిల్ల పరుగెత్తలేదు. తన దారిన తను మెల్లగా వెళ్లింది.

అవతల కాలువ గట్టు మీద నాన్న సైకిల్ ఆపుకుని ఉన్నాడు. నీళ్ల మీద ఎండ పడుతోంది.

"ఏం ఇన్‌స్పెక్టరమ్మా, కొనమంటావా, వద్దంటావా?"

"మోకాలు ఎలా ఉంది నాన్నా?"

నాన్న వంగి మోకాలు ఒకసారి తడుముకున్నాడు. ఇంట్లో ఇన్ని అనుమానాల మధ్య ఆ ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

"ఎక్కేటప్పుడు కొంచెం లాగింది. ఇప్పుడు బాగానే ఉంది."

నిజమేనా అని పిల్ల ఆయన మోకాలి వైపు చూడలేదు.

"అయితే కొనుక్కుందాం," అంది.