కాళ్ళకేసి చూసిన కుర్రాడు

త్రినాథ్ మొదటిరోజు మోహిని మొహం చూడలేదు, కాళ్ళు చూశాడు. కొంప అక్కడే మునిగింది.

ఇంకో చోట అయితే అదేమంత నేరం కాదు. వైజాగ్ హాఫ్ మారథాన్‌కి ప్రాక్టీసు చేసే పలాస గుంపులోకి కొత్తగా ఒకమ్మాయి వచ్చింది. ఏ షూస్ వేసుకొచ్చిందో చూడటం పరుగెత్తేవాళ్ళకి అలవాటు. కానీ మోహినిది వజ్రపుకొత్తూరు అవతల, సముద్రపు హోరు వినబడే ఉద్దానం పల్లె. అక్కడ ఎదుటి మనిషి కాళ్ళకేసి చూశారంటే ఒకటే అర్థం. పాదాలు వాచాయా? ఈ మనిషికి కూడా కిడ్నీ జబ్బు పట్టుకుందా?

"ఏటి సూత్తన్నారు?" అంది మోహిని.

త్రినాథ్ ఉలిక్కిపడ్డాడు. "షూస్ అండీ. ఇవి నడకకి బాగుంటాయి గానీ పరుగుకి పనికిరావు. మడమలు నొప్పెడతాయి."

"నా మడమల సంగతి మీకెందుకండీ?"

"అబ్బే, నాకెందుకు..." అన్నాడతను, మళ్ళీ కాళ్ళకేసే చూస్తూ.

మోహిని కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ సూపర్‌వైజర్. పప్పు ముందునుంచి ఎంత నిండుగా కనబడినా, వెనక్కి తిప్పి చూడనిదే అది విరగని గుండు పప్పని ఒప్పుకోదు. వెనకాల పగులుంటే బద్దల్లోకి తోసేస్తుంది. మనుషుల విషయంలోనూ ఆమె పద్ధతి అదే. త్రినాథ్‌ని ఆ పూటే మనసులో పక్కకి తీసి పెట్టింది, తర్వాత తిప్పి చూద్దామని.

గుంపుకి పెద్ద వైకుంఠరావు. మిలిటరీలో చేసి రిటైరై వచ్చాడు. మెళ్ళో ఈల, నోట్లో తిట్లు, మనసులో మాత్రం ఏమీ ఉండదు. ఆయన అందర్నీ ఇద్దరిద్దరిగా జోడీ కడతాడు. కొత్తమ్మాయిని తీసుకెళ్ళి త్రినాథ్ పక్కన నిలబెట్టాడు.

"ఈడు టెక్కలోడమ్మా. కరెంటాఫీసులో లైన్‌మన్. మంచోడు. ఈడి పక్కన పరిగెట్టు."

మంచివాడని ముందే చెప్పారంటే ఎక్కడో పగులుండి తీరాలి అనుకుంది మోహిని.

పరుగు మొదలైన కాసేపటికే అతను ఆమె అనుమానం నిజం చేశాడు.

"పొద్దున్న నీళ్ళు ఏమాత్రం తాగేరు?"

"తాగేను."

"బోరు నీళ్ళా, క్యాను నీళ్ళా?"

మోహిని పరుగు వేగం పెంచింది.

"నడుం దగ్గర నొప్పేమన్నా ఉంటాదా? ఒళ్ళు అలుపుగా ఉంటే సెప్పండి, మొహమాటపడకండి. రేత్రి బాగా నిద్ర పడతాదా?"

ఈ ప్రశ్నలన్నీ మోహినికి కంఠతా వచ్చు. కిందటేడు పెళ్ళిచూపులకి ముందు, కొబ్బరికాయల బేరానికని ఒకడు వాళ్ళింటికి వచ్చాడు. మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాక, ఏ నీళ్ళని అడిగాడు. అరుగుమీద కూర్చున్న ఆమె తండ్రి గోవిందరావు కాళ్ళకేసి ఒకటికి రెండుసార్లు చూశాడు. ఆయన వారంలో రెండు మూడు రోజులు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకునే మనిషి. ఆ వచ్చినవాడు కాయలూ కొనలేదు, ఆ పెళ్ళివాళ్ళు గుమ్మమూ తొక్కలేదు.

"ఎవులు పంపేరు మిమ్మల్ని?" అంది మోహిని, పరుగు ఆపకుండానే.

"వైకుంఠరావు గారే కదండీ పంపేరు, మీ పక్కకి!"

పెద్ద గడుసువాడే అనుకుందామె.

వారం తిరక్కుండా ఇంట్లో ఇంకో నిప్పు రాజుకుంది. వాళ్ళమ్మ రాజులమ్మ అన్నం వడ్డిస్తూ, గాల్లోకి చెబుతున్నట్టు చెప్పింది. "పెళ్ళిళ్ళు కుదిర్చే సిన్నతల్లి ఒక సమ్మందం తెచ్చినాదే. టెక్కలోలంట. కరెంటాఫీసు కుర్రోడంట. ముందు ఆళ్ళు వాకబు సేసుకుంతారంట."

మోహిని చేతిలో ముద్ద ఆగిపోయింది. "కరెంటాఫీసా?"

"ఏటే, నీకు తెలుసేటి?"

"నాకేటి తెలుసు!"

తెలియకేం! అంతా తెలిసిపోయింది. ఇదివరకు మారువేషంలో మధ్యవర్తులు వచ్చేవారు, ఈసారి పెళ్ళికొడుకే షూస్ వేసుకుని దిగాడన్నమాట. మనిషిని పరుగెత్తించి, ఆయాసం వస్తుందో లేదో చూసి మరీ కోడల్ని ఏరుకుంటారు కాబోలు! అతను తనకన్నా చాలా ముందే గుంపులో చేరాడని గుర్తొచ్చింది గానీ, అనుమానానికి లెక్కలతో పనేముంది?

మర్నాటినుంచి మోహిని సమాధానాలు మారిపోయాయి.

"నీళ్ళు తాగేరా?"

"నీళ్ళా? మాయింటా వంటా లేవండీ. బీరు తాగుతాం."

"నడుం నొప్పేమన్నా..."

"పుట్టిన కాణ్ణుంచీ ఉంది."

"అలుపు?"

"మిమ్మల్ని సూత్తే సాలు, వచ్చేత్తాది."

త్రినాథ్ నవ్వాలో భయపడాలో తెలియక బిక్కమొహం వేశాడు. ఆ మొహం చూసి ఆమెకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే అతను పక్కన పరుగెడుతుంటే దారి తెలిసేది కాదు. ఎండ తగలకుండా అటువైపు వచ్చి పరుగెత్తేవాడు. కుక్కలు ఎదురైతే ముందుకి వెళ్ళేవాడు. ఇంత మంచితనం ఎందుకో అని అదీ అనుమానించింది.

అయితే ఆ బీరూ, ఆ నడుం నొప్పీ వట్టి మాటలని త్రినాథ్‌కి అర్థం కాలేదు. పాపం, వెళ్ళి వైకుంఠరావుకి చెప్పేశాడు. ఆయన అందరి ముందూ ఈల ఊది మరీ ఆర్డరు వేశాడు.

"మోహినీ! రక్తం టెస్టు సేయించుకుని రా. అది సూపించందే వైజాగ్ నేదు, గీజాగ్ నేదు!"

మోహిని మొహం బిగుసుకుపోయింది. కోపమని అందరూ అనుకున్నారు. అది కోపం కాదు, భయం.

ఆమె ఇంతవరకూ ఆ కిడ్నీ టెస్టు చేయించుకోలేదు. ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడల్లా ఫ్యాక్టరీలో పనుందని ముందే బస్సెక్కేసేది. అసలు పరుగులో చేరిందే అందుకు. ఇంత దూరం పరుగెత్తగలిగితే లోపలంతా బాగున్నట్టే కదా అని రోజూ తనకి తాను సర్దిచెప్పుకునేది. ఇప్పుడు ఆ ధైర్యం కూడా లాక్కున్నారు. లాక్కున్నది త్రినాథ్.

ఆ ఆదివారం లాంగ్ రన్. పూండి స్టేషన్ దగ్గర మొదలుపెట్టి, తోటలమధ్య రోడ్డుమీదుగా సముద్రందాకా. మోహిని ఎవరితోనూ మాట్లాడకుండా బాణంలా దూసుకుపోయింది. త్రినాథ్ వెనకాల కేకలేస్తూనే ఉన్నాడు. "మెల్లగండీ! ఇంకా సానా దూరముంది!"

తోటలు దగ్గరపడేసరికి వాన అందుకుంది. అలాంటిలాంటి వాన కాదు, సముద్రం మీంచి అడ్డంగా కొట్టే వాన. మోహిని కంటికి రోడ్డు ఆనలేదు. కాలు గోతిలో పడింది. జీడిచెట్టు కింద కూలబడిపోయింది.

త్రినాథ్ పరుగున వచ్చి, బురదలో మోకాళ్ళమీద కూర్చుని, ఆమె చీలమండ పట్టుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. వాపు ఎంతవరకూ ఉందో చూద్దామని ఎముకమీద బొటనవేలితో నొక్కాడు.

ఆ నొక్కుడు ఎవరికి తెలియకపోయినా ఉద్దానం వాళ్ళకి తెలుసు. నొక్కిన చోట సొట్ట పడి అలాగే ఉండిపోతే ఒంట్లో నీరు చేరినట్టు.

మోహిని కాలు విదిలించుకుంది. "పడ్డాదా?"

"ఏటండీ?"

"సొట్ట! నొక్కి సూసేరు కదా. పడ్డాదా, నేదా? ఎల్లి మీ అమ్మకి సెప్పండి. పిల్ల కాళ్ళు బాగున్నాయి, బెణికిందంతే అని సెప్పండి!"

"మా అమ్మెందుకొచ్చింది మజ్జిలో?"

"సిన్నతల్లిని మా ఇంటికి పంపిందెవులు?"

వాననీళ్ళు మొహంమీద కారుతున్నా త్రినాథ్ చెవులు ఎర్రబడటం తెలుస్తూనే ఉంది.

"మా అమ్మే," అన్నాడు చివరికి.

"సూసేరా!"

"నాకు నిన్ననే తెలిసిందండీ. ఇంట్లో అస్తమానూ మీ మాటే ఎత్తుతుంటే అమ్మ పట్టేసింది. ఆ అమ్మాయంటే ఇష్టమేనేట్రా అంది. ఇష్టమే అన్నాను. అంతే నాను సేసిన తప్పు. వాకబు సేయమని నాను సెప్పలేదు. మా అమ్మ మీద ఒట్టు."

ఇష్టమే అన్న మాట మోహిని చెవిన పడకపోలేదు. పడ్డా దాన్ని వెంటనే నమ్మితే ఆమె మోహిని ఎందుకవుతుంది?

"మరి నీళ్ళెన్ని తాగేరు, నడుం నొప్పా, నిద్ర పట్టిందా... ఇయ్యన్నీ ఏటి? ఇష్టమేనా?"

"అది జోడీ రూలండీ! గుంపులో అందరం అడుక్కుంటాం. పక్కోడు పడిపోతే మనదే తప్పు అంటారు వైకుంఠరావు మాస్టారు. నాను అడిగినాక మీరు కూడా నన్ను అడగాల." అతని గొంతు మారింది. "మీరు ఒక్కనాడు కూడా అడగలేదు. ఈవిడికి నాను పడిపోయినా పర్లేదు కాబోలు అనుకున్నాను."

మోహిని తెల్లబోయింది. ఇన్నాళ్ళూ అనుమానమంతా తన సొత్తే అనుకుంది. అతనూ ఇంత మోస్తూ పక్కన పరుగెత్తాడన్నమాట.

అప్పుడే రెయిన్‌కోటులో వైకుంఠరావు బండిమీద వచ్చి బ్రేకు వేశాడు. "ఏటర్రా, పరిగెట్టమంటే కూకున్నారేటి?"

"మాస్టారూ, జోడీ రూలు ఈవిడికి సెప్పేరా?" అన్నాడు త్రినాథ్.

"నువ్వు సెప్పలేదేట్రా?"

"మీరు సెప్పేరనుకున్నాను!"

వైకుంఠరావు ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా తీసేశాడు. "కీర్తి సెప్పుంటాదనుకున్నానమ్మా," అన్నాడు, గుంపులో ఉన్న ఇంకో అమ్మాయిమీదికి తోసేస్తూ. "సర్లే, ముందు బండెక్కు."

ఎక్కేముందు మోహిని త్రినాథ్ దగ్గర ఆగింది. ఎందుకో చెప్పాలనిపించింది. "నాకు టెస్టంటే బయ్యం," అంది నెమ్మదిగా. "మా నాన్నని సూత్తన్నాను కదా. అందుకే అందరిమీదా ఇరుసుకు పడతన్నాను."

త్రినాథ్ 'ఏమీ ఫర్వాలేదు' అనలేదు. అని ఉంటే ఆమె నమ్మేదీ కాదు. "మీరెప్పుడంటే అప్పుడు తోడొత్తాను. అంతదాకా నాను ఆ మాట ఎత్తను," అన్నాడు.

నిజంగానే ఎత్తలేదు. కాలు నయమై ఆమె మళ్ళీ గుంపులోకి వచ్చాక కూడా ఎత్తలేదు. మోహిని రోజూ కాచుకుని చూసింది, ఇవాళ అడుగుతాడేమో, ఇవాళ దొరికిపోతాడేమో అని. దొరకలేదు.

ఒకరోజు తండ్రితోపాటు డయాలసిస్‌కి బస్సులో వెళుతూ, కిటికీలోకి చూస్తూ అంది. "నాన్నా, నీకు ముందే తెలిసుంటే?"

గోవిందరావు కూతురికేసి చూశాడు. ఏం అడుగుతోందో ఆయనకి తెలుసు.

"ముందే తెలిసుంటే ముందే మందులు మింగుదును. తెలీనన్నాళ్ళూ నాను బాగున్నాననుకున్నాను. బాగోనేదు, తెలీలేదంతే." కన్ను గీటాడు. "ఆ కరెంటోడు తోడొత్తానన్నాడంట కదా. మీయమ్మ సెప్పింది. కుర్రోడు కరెంటు పోల్ ఎక్కుతాడు, నీకెందుకే బయ్యం?"

"అమ్మకెవులు సెప్పేరు?"

"సిన్నతల్లి. ఊరంతా వాకబే కదే!"

మర్నాడు పొద్దున్నే మోహిని త్రినాథ్‌కి ఫోన్ చేసింది. ఒకటే మాట. "ఈ రోజు."

కాశీబుగ్గలో ల్యాబు తెరవకముందే అతను వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సూది గుచ్చుతుంటే మోహిని గోడకేసి చూసింది, అతను గోడకేసి చూస్తున్న మోహినికేసి చూశాడు. రిజల్ట్ సాయంత్రం అన్నారు.

ఇద్దరూ బయట బెంచీమీద కూర్చున్నారు. ఆమె మోచేతి దగ్గర దూది నొక్కిపట్టుకుని ఉంది.

"మోహినీ, నన్ను పెళ్ళి సేసుకుంతావా?" అన్నాడు త్రినాథ్.

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

"ఇప్పుడా? సాయంత్రం రిజల్ట్ వత్తాది కదా. అది సూసుకుని అడుగు."

"అది సూసి అడిగితే నానూ వాకబు సేసి అడిగినట్టే. అందుకే ఇప్పుడే అడగతన్నాను."

"మీ అమ్మ ఊరుకుంతాదా?"

"నిన్న దెబ్బలాడేను. ఆ పిల్లకి టెస్టు కావాలంటే ముందు నువ్వు సేయించుకో అన్నాను. నవ్వింది. ఎల్లుండి ఆవిణ్ణి కూడా ఇక్కడికే తెత్తన్నాను."

మోహిని అతని మొహం పరీక్షగా చూసింది. ఎక్కడైనా పగులుందేమోనని అలవాటుగా వెతికింది. రాత్రి నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. తనకంటే అతనికే ఎక్కువ భయంగా ఉందని అప్పుడు తెలిసింది.

"బాగోనేదని వత్తే?"

"వైజాగ్ మానేత్తాం. పెళ్ళి మాననక్కర్లేదు కదా."

లోపలనుంచి ఎవరో ఇంకొకరి పేరు పిలిచారు. ఒక ముసలాయన కర్ర పట్టుకుని లేచి వెళ్ళాడు.

"సాయంత్రం బాగుందని వచ్చినాక ఒప్పుకుంతే, ధైర్నమొచ్చి ఒప్పుకుందంతావు," అంది మోహిని. "బాగోనేదని వచ్చినాక ఒప్పుకుంతే, దిక్కులేక ఒప్పుకుందనుకుంతావు. జన్మంతా నీకు అనుమానమే. అందుకే ఇప్పుడే సెప్తన్నాను. ఇను. నువ్వంటే నాకూ ఇష్టమే. సేసుకుంతాను."

ఆమె దూది పారేసి, అతని చెయ్యి పట్టుకుంది. సాయంత్రానికి ఇంకా చాలా టైముంది. ఇద్దరూ ఆ బెంచీ మీంచి లేవలేదు.