లిడియా ఇంటి దారికి మంచు మెషీన్

"ముప్పై అంగుళాలది కావాలి. అన్నిటికన్నా పెద్దది. ఏదీ?"

షాపులోకి అడుగు పెడుతూనే ఆమె అన్న మాట అది. పలకరింపు లేదు. రెయిన్‌కోటు మీది అక్టోబరు వాన నీళ్లన్నీ నా కౌంటరు మీద కారుతున్నాయి.

"అది మీకు అమ్మను," అన్నాను.

నా మాటతీరే అంత. నా పేరు ఓన్ని పెల్కోలా. మోహాక్ అనే మంచు ఊళ్లో చిన్న ఇంజన్ల షాపు నాది. మంచు చిమ్మే పెట్రోలు మెషీన్లు అమ్ముతాను, బాగుచేస్తాను. ఎర్రటి పెద్ద మెషీన్ బొమ్మ చూపించి, మనిషికి అక్కర్లేని ఇనుమును అంటగట్టే వ్యాపారమంటే నాకు ఒళ్లు మంట. అది పట్టపగటి దోపిడీ. చర్చి విందులో కూడా ఇదే మాట లేచి చెప్పాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"అమ్మరా? ఇది షాపేనా?"

"షాపే. మీ ఇంటి ముందు దారి పొడవెంత? సిమెంటా, గులకరాళ్లా? మెషీన్ పెట్టే షెడ్డు తలుపు వెడల్పెంత?"

"మెషీన్ అమ్ముతున్నారా, జనాభా లెక్కలు రాస్తున్నారా?"

"రెండోదే అనుకోండి. చెప్పండి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది.

పేరు లిడియా స్టిమాక్. ఇళ్లకు వెళ్లి వైద్యం చేసే నర్సు. రోజూ పొద్దున్న ఎనిమిదికల్లా చూపు లేని అహోలా తాతకు ఇన్సులిన్ ఇవ్వాలి. పోయిన చలికాలం రెండుసార్లు ఆలస్యమైంది.

"మూడోసారి అయితే నా రూటు తీసేస్తామని కాగితం ఇచ్చారు. ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చోబెడతారట. ఫోన్ల దగ్గర నేను బతకలేనండీ. నాకు మనుషులు కావాలి."

"ఆలస్యం ఎందుకైంది?"

"మా నాన్న వల్ల."

వాళ్ల నాన్న మాట్ స్టిమాక్ కౌంటీ మంచు లారీ డ్రైవరు. లారీ బ్లేడు రోడ్డు మీది మంచునంతా పక్కకు తోస్తుంది. ఆ గట్టు తిన్నగా వచ్చి కూతురి ఇంటి దారికి అడ్డంగా పడుతుంది, నడుమెత్తున, రాయిలా.

"కూతురి గుమ్మం దగ్గరైనా బ్లేడు కాస్త ఎత్తొచ్చుగా?"

"ఒకరికి ఎత్తితే అందరికీ ఎత్తాలంటాడు. ముప్పై ఏళ్లుగా ఎవరికీ ఎత్తలేదు. మా అమ్మకి కూడా!"

"మంచి మనిషే," అన్నాను, నోరు ఊరుకోక.

ఆమె చూసిన చూపుకు కౌంటరు మీది నీళ్లు ఆవిరైపోవాల్సింది.

మర్నాడు టేపు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. అరవై అడుగుల దారి. వాలు. నిండా గులకరాళ్లు.

"చిన్న మెషీన్ పనికిరాదు. దాని పళ్లు నేలకు తగులుతాయి. మంచుతోపాటు రాళ్లూ ఎగరేస్తుంది. మీ కిటికీలు మిగలవు. రెండు దశలది తీసుకోండి. ముందు పళ్లు మంచును నలగ్గొడతాయి, వెనక ఫ్యాను విసిరేస్తుంది. ఇరవై నాలుగు అంగుళాలది చాలు."

"ఆడదాన్నని చిన్నది అంటగడుతున్నారు కదూ?"

"మీ షెడ్డు తలుపు కూడా ఆడదేనా? ఇరవై ఎనిమిది అంగుళాలుంది. ముప్పై అంగుళాలది అందులో ఎలా దూరుతుంది, ఊపిరి బిగబట్టా?"

ఆమె టేపు లాక్కుని తనే కొలిచింది. రెండుసార్లు. ఆ తర్వాత పెదవి కొరుక్కుంటూ అటు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందన్న మాట.

"గట్టు సంగతేంటి మరి?" అంది తిరక్కుండానే.

"ఒక్కసారిగా మీద పడకండి. పైసగం ముందు, కిందిసగం తర్వాత. నేర్పిస్తాను."

ఇరవై నాలుగు అంగుళాలదే కొంది. నేర్చుకోవడానికి ఒక్క రోజు చాలు. ఆమె మూడు రోజులు వచ్చింది. నేనూ ఎందుకని అడగలేదు.

నవంబరు రెండో వారంలో సరస్సు మీంచి గాలి లేచింది. తెల్లారేసరికి పద్నాలుగు అంగుళాల మంచు. ఏడు కావడానికి ఇరవై నిమిషాలుండగా ఫోను.

"మీ మెషీన్ చచ్చింది! ఇంజను తిరుగుతోంది, పళ్లు తిరగడం లేదు. దారి సగంలో ఉన్నాను. ఓన్నీ, ఎనిమిదికి నేను అక్కడుండాలి!"

పికప్పు బండి ఎలా తోలానో నాకు గుర్తులేదు.

పళ్ల మధ్య ఇరుక్కున్న గులకరాళ్లు కనిపించాయి. పిన్నులు రెండూ విరిగిపోయాయి. మెషీన్ పాడవకుండా ముందు తామే విరిగిపోయే పిన్నులవి. వాటి పని అవి చేశాయి. నా పనే నేను చేయలేదు.

మెషీన్ మూతికి రెండు పక్కలా ఇనప షూలుంటాయి. వాటిని ఎంత కిందికి దించితే మూతి నేల నుంచి అంత పైకి లేస్తుంది. సిమెంటు దారికి పావు అంగుళం. గులకరాళ్లకు అంగుళం పైమాట. నేను బిగించింది పావు అంగుళం! పని నేర్చుకుంటున్నవాడు కూడా చేయని తప్పు. ఊరందరికీ నీతులు చెప్పేవాణ్ని, ఈమె బతుకుతెరువును పావు అంగుళం మీద నిలబెట్టాను.

రాళ్లు తీశాను. షూలు దించాను. కొత్త పిన్నులు దూర్చేసరికి వేళ్లకు స్పర్శ లేదు. ఏడూ పది. మెషీన్ మళ్లీ గర్జించింది. ఆమె తోలింది, నేను అంచులు పారతో చెక్కాను. పైసగం, తర్వాత కిందిసగం. ఏడూ ఇరవైకి గట్టు తెగింది.

అప్పుడే మలుపులో, రెండో చుట్టు వస్తున్న మంచు లారీ పసుపు లైటు తిరుగుతూ కనిపించింది.

"నాన్నా! వద్దు!"

మాట్ గారు బ్లేడు ఎత్తలేదు. మేం తీసినంతా మళ్లీ మా మోకాళ్ల మీదికి వచ్చిపడింది. పది గజాలు పోయి లారీ ఆగింది. తలుపు తెరుచుకుంది.

"ఏరా పెల్కోలా, మా అమ్మాయి దారిలో నీకేం పని?"

"మీరు పోసింది ఎత్తుతున్నానండీ."

"బ్లేడు ఎత్తమని అడుగుతావా?"

"అడగను. మీ రూలే న్యాయం. కానీ అహోలా తాత ఇంటి రోడ్డు మీ రూటులోనే ఉంది. అది తీయకపోతే ఈమె ఇక్కణ్నుంచి బయటపడీ ఏం లాభం? మీ వెనకే వస్తుంది. కాస్త ఆగండి."

ఆయన మంచు పట్టిన మీసం తుడుచుకున్నాడు. కూతురి వైపు చూశాడు. తర్వాత ఫ్లాస్కు తీశాడు.

"కాఫీకి పది నిమిషాలు నా హక్కు. యూనియన్ కొట్లాడి తెచ్చింది. ఎక్కడ తాగాలో కాగితంలో రాయలేదు. కానివ్వండి."

ఆ క్షణాన ఆ మనిషి చేతులు పట్టుకోవాలనిపించింది.

లిడియా మెషీన్ను గట్టులోకి నెట్టింది. నేను పక్కనే నడుస్తూ అరిచాను. "తప్పు మెషీన్ది కాదు, మీదీ కాదు! షూలు నేనే తప్పుగా బిగించాను!"

"గులకరాళ్లని మీరే అంత చెప్పారుగా! ఎలా మర్చిపోయారు?"

"బిగిస్తున్నప్పుడు మీరు ఎదురుగా నిలబడి నవ్వుతున్నారు!"

"అయితే?"

"మీరు నవ్వితే నాకు అంగుళాలు గుర్తుండవు! మీరంటే నాకిష్టం! చాలా!"

ఆమె ఆగలేదు. తల కూడా తిప్పలేదు. మంచు విసిరే మెషీన్ గొట్టం మాత్రం మెల్లగా నా వైపు తిరిగింది. మరుక్షణం టోపీ నుంచి బూట్ల దాకా నేనే ఒక మంచు గట్టు.

లారీ కిటికీలోంచి పెద్ద నవ్వు. "ఒరేయ్, వాళ్లమ్మ నా మీద బకెట్టు నీళ్లు పోసిందిరా! నువ్వు నయం!"

ఏడున్నరకు దారి తెరుచుకుంది. ఆయన ఫ్లాస్కు మూత బిగించి లారీ కదిలించాడు. వెనకే ఆమె కారు. మలుపు తిరిగేదాకా ఆ రెండు ఎర్ర లైట్లను చూస్తూ నిలబడ్డాను. మెషీన్ ఆపడం కూడా మర్చిపోయాను.

షాపుకొచ్చి కూర్చున్నాను. స్టవ్ వెలిగించలేదు. కళ్లు గోడ గడియారం మీదే. ఎనిమిది దాటింది. ఎనిమిదీ పది. ఫోను మోగింది.

"నాలుగు నిమిషాల ముందే వచ్చాను," అంది లిడియా. "తాతకు సూది ఇచ్చేశాను. ఓట్స్ తింటున్నాడు. నేను వంటింట్లో నిలబడి ఏడుస్తున్నాను, పిచ్చిదానిలా. సంతోషమే, కంగారుపడకండి."

నా ఛాతీ మీంచి లారీ దిగిపోయినట్టయింది. ఫోను చెవికి ఆనించుకునే లేచి స్టవ్ వెలిగించాను.

"వింటున్నారా? సాయంత్రం ఒకసారి రండి. ఆ షూలు సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దురుగాని."

"సరిగ్గానే ఉన్నాయండీ. ఈసారి నాలుగుసార్లు కొలిచి బిగించాను."

అటువైపు ఒక నిట్టూర్పు. తర్వాత నవ్వు.

"తెలుసులే. అయినా రా."