ఉప్పు లేని పెట్టె

"వాంతి వచ్చేలా ఉంటే చెప్పు, బకెట్ తెప్పిస్తాను," అంది చీఫ్ సంతోషకుమారి.

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. వేల బస్తాల వెనక చిన్న గది. బోర్డు మీద 'మేనేజర్' అని ఉంటుంది కానీ అది ఇంటెలిజెన్స్ వాళ్ల రహస్య ఆఫీసు. ఏజెంట్ లక్ష్మీనరసింహం మొహం చిట్లించింది మిర్చి ఘాటుకి కాదు. బల్ల మీది సీసాలో చీమిడిలాంటిదేదో నీళ్లు కారుతూ సాగుతోంది.

"ఏమిటండీ ఈ రోత?"

"నరాల కణాలు పెరిగే జెల్. ఇది పాడైపోయిన శాంపిల్. గట్టి గాజు మీద పెడితే ఆ కణం ముడుచుకు కూర్చుంటుంది. మరీ మెత్తనైతే పట్టు దొరక్క జారిపోతుంది. మన మెదడు ఎంత మెత్తనో సరిగ్గా అంత మెత్తగా ఉంటేనే వేళ్లూనుతుంది. ఒక్కసారి గడ్డకట్టిందా, లోపలి వల తెగిపోయి ఇదిగో, ఇలా చీమిడి అవుతుంది."

"మంచి జెల్?"

"రెండు సీసాలు. తయారు చేయడానికి నాలుగు నెలలు పట్టింది. చీమకుర్తి క్వారీలో బుడాన్ అని ఒకతనికి రాయి కోసే రంపం తగిలి కుడి ముంజేతిలో నరం తెగింది. రేపు పొద్దున ఆ తెగిన చోట ఈ జెల్ పెట్టే ఆపరేషన్. ఇంకో బ్యాచ్ దాకా ఆగితే చేతి కండ ఎండిపోతుంది. ఆ రెండు సీసాలూ నిన్న ల్యాబ్‌లోంచి మాయం. ఎత్తుకుపోయింది ఆ కళ్లజోడు సైంటిస్ట్ జయదేవ్. బుడాన్‌కి 'నీ చేతికి నాదీ పూచీ' అని మాటిచ్చిందీ ఆయనే."

లక్ష్మీనరసింహానికి సీసా మీది అసహ్యం కాస్తా మనిషి మీదికి మళ్లింది.

"కొన్నది కోరల్ అనే విదేశీ ముఠా. ఈ మధ్యాహ్నం పన్నెండుకి వాడరేవు నుంచి బోటు. చేపల పెట్టెల్లో సీసాలు. పోలీసుల్ని దింపితే సముద్రంలోకి విసిరేస్తారు. ముఠాలో మన మనిషి ఉంది, లిడియా. ఏ పెట్టో తను చెబుతుంది. నువ్వు చేపల వ్యాపారివి."

గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టినవాడు లక్ష్మీనరసింహం. "ప్రపంచంలో ఇంకే వేషమూ మిగల్లేదా, మేడమ్?"

"మిగిలింది. చేప వేషం."

పదకొండున్నరకి వాడరేవు. ఇసుక మీద ఎండుచేపలు, వాటి పక్కనే సెల్ఫీలు దిగుతున్న ఆదివారం జనం. లక్ష్మీనరసింహానికి గళ్ల లుంగీ, చెవి మీద బీడీ, ముక్కులో దూది. దూది పెట్టుకున్నా వాసన కళ్లలోంచి దూరుతున్నట్టుంది. ఎర్ర చీరలో, కూలింగ్ గ్లాసుల్లో లిడియా వచ్చింది. ఆమె సెంటు చేపల వాసనతో కలిసి ఇంకో కొత్త కంపైంది.

"పండుగప్ప ఉందా?" అన్నాడు.

"పండుగప్ప పండక్కే. ఇవాళ వంజరం," అంది. కోడ్ సరిపోయింది. "పదిహేడో పెట్టె," అని చెవిలో చెప్పి పక్కకి జరిగింది.

మొత్తం ఇరవై రెండు పెట్టెలు, వరసగా బోటెక్కడానికి సిద్ధం. పదిహేడో దాని మూత తీసి, సీసాల లోహపు మూతల్ని పసిగట్టే స్కానర్ పెన్ను వంచాడు. చేతి జిగురుకి పెన్ను జారి చేపల నీళ్లలో మునిగింది. డిపార్ట్‌మెంట్ గొప్పగా ఇచ్చిన పరికరం బుడగలు తేల్చి ప్రాణం విడిచింది. చేసేది లేక మోచేతిదాకా చెయ్యి దించాడు. వేళ్లు భగ్గుమన్నాయి.

"ఏందయ్యో, చెయ్యి తియ్యి!" అని అరిచింది పెట్టెలు సర్దే కరీమున్. "రాళ్లుప్పు కలిపిన ఐసది. కొయ్యబారి పోద్ది."

"ఉప్పెందుకమ్మా?"

"దూరం పోయే సరుక్కి మామూలేగా! ఉప్పేస్తే ఇంకా చల్లబడుద్ది, చేప బిగుసుకుని నిలబడుద్ది."

లక్ష్మీనరసింహం చెయ్యి ఆగిపోయింది. ఉప్పు కలిపిన ఐసంటే సున్నా కంటే కిందికి. ఇందులో జెల్ గడ్డకడుతుంది. జయదేవ్ ద్రోహి అయితే అయ్యాడు గానీ, తను అమ్మే సరుకుని తనే చంపుకోడు. అంటే లిడియా అబద్ధం చెప్పింది. ఆమె మన మనిషి కాదు.

"అన్నిటికీ ఉప్పేశావా?"

"ఒక్కదానికి వద్దన్నాడు, కళ్లజోడాయన. చెప్తే వింటేగా! తనే సర్దుకున్నాడు. ఏదంటే నేనేం చెప్పను, కలిసిపోయినయ్."

బోటు ఇంజను మోగింది. కూలీలు మొదటి పెట్టె ఎత్తారు. ప్రతి పెట్టె అడుగు నుంచీ ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. ఉప్పో చప్పో తేల్చే పరికరం ఇప్పుడు ఒక్కటే ఉంది. దాన్ని అతను ఇంతవరకూ పప్పుకీ పచ్చడికీ తప్ప వాడలేదు.

కళ్లు మూసుకుని వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. ఉప్పు. రెండోది ఉప్పు. ఐదో పెట్టె దగ్గర పొద్దున తిన్న ఇడ్లీ గొంతుదాకా వచ్చింది, మింగేశాడు. కూలీలు అటునుంచి ఎత్తుతుంటే అతను ఇటునుంచి నాకుతున్నాడు. సెల్ఫీ జనం అసహ్యంగా మొహాలు తిప్పుకున్నారు. పదకొండోది ఇద్దరు కూలీల భుజాల మీదికి లేస్తుండగా కారే చుక్క పట్టాడు.

చప్పన. వట్టి నీచు.

పెట్టెని కిందికి లాగి, చేపల్ని తోడి, కడుపు కోసి కుట్టిన వంజరంలోకి వేళ్లు దోపాడు. రెండు సీసాలు దొరికాయి. ఊపితే లోపలి జెల్ జున్నులా అదిరి నిలిచింది. గడ్డకట్టలేదు.

"భలే నాలుక," అంది వెనక నుంచి లిడియా. ఆమె చేతిసంచి మాటున పిస్తోలు ఉంది. "ఇలా ఇచ్చెయ్."

"రేపు ఒకడి చెయ్యి దీని మీద ఆధారపడి ఉంది."

"క్వారీ కూలీ చెయ్యేగా. ఒకటి పోతే ఇంకోటి ఉంది."

పొద్దుటి నుంచి పీల్చిన కంపంతా ఈ మాట ముందు మల్లెపువ్వే అనిపించింది అతనికి. ఉమ్మేద్దామంటే నోట్లో తడి లేదు. ఆ పని కరీమున్ తొట్టెడు చేపల నీళ్లతో చేసింది. ఎర్ర చీర, గ్లాసులు, సెంటు అన్నీ ఒకేసారి తడిశాయి. పిస్తోలు జిగురు చేతిలోంచి జారింది. లక్ష్మీనరసింహం దాన్ని కాలితో తొక్కాడు.

"నా మొగుడిదీ క్వారీ చెయ్యే," అంది కరీమున్ తొట్టి దించుతూ.

సెల్ఫీ జనంలో మఫ్టీలో కలిసిపోయిన సంతోషకుమారి మనుషులు ఒడ్డు వదులుతున్న బోటు తాడు పట్టి లాగారు. లోపల దాక్కున్న జయదేవ్ సముద్రం పడక వాంతులు చేసుకుంటున్నాడు.

మర్నాడు ఆపరేషన్ జరిగింది. నరం రోజుకో మిల్లీమీటరు చొప్పున తాపీగా పాకింది.

ఏడు నెలలకి, సంతోషకుమారి పిలిపిస్తే, కోల్డ్ స్టోరేజీ గది తలుపు తీసుకుని బుడాన్ వచ్చాడు. కుడి చేత్తో బరువైన గోనెసంచి పట్టుకున్నాడు. అతని వేళ్లు సంచి మూతిని గట్టిగా బిగించి ఉండటం చూసి లక్ష్మీనరసింహానికి కళ్లు చెమర్చాయి.

"మీకోసమే సార్," అన్నాడు బుడాన్. "మీకు చేపలంటే ప్రాణమంట గదా. నాకి మరీ చూస్తారని మా క్వారీవాడి పెళ్లాం కరీమున్ చెప్పింది."

సంచి మూతిలోంచి వంజరం తోక తొంగిచూస్తోంది. లక్ష్మీనరసింహం నవ్వి, రెండు చేతులూ చాపి, ఊపిరి బిగబట్టాడు.