ఎనిమిదో అడుగు

ఆ వీధి చివరింటికి నంబరు ఉంది గానీ, ఆ నంబరుతో ఎవరూ పిలవరు. లెక్కలిల్లు అంటారు.

ఎందుకంటే... రాత్రిపూట ఆ ఇంట్లో ఎవరో లెక్కపెడతారు.

దీపం వెలగదు. వీధి తలుపుకు తాళం వేసింది వేసినట్టే ఉంటుంది. లోపల, ఆ కటిక చీకట్లో, అడుగుల చప్పుడు — తడబడని, తడుముకోని అడుగులు. అడుగుకో అంకె. ఆడగొంతు. ఒకటి... రెండు... మూడు... అలా ఎనిమిది దాకా. ఎనిమిది దగ్గర ఆగిపోతుంది.

తొమ్మిది ఎవరూ వినలేదు. విన్నవాళ్ళెవరూ బతికి బయటపడలేదు కాబట్టే ఆ సంగతి మనకు తెలీదని ఒక వాదం.

నాలుగేళ్ళుగా ఆ ఇల్లు అమ్మకానికి ఉంది. కట్టించినవాడు అందులో ఒక్క పూట కూడా నిద్రపోలేదు. నిద్రపోవడానికి కట్టలేదు, ధర పెరగడానికి కట్టాడు. తల దాచుకునే చోటు లేని మనుషులు ఊరి నిండా ఉంటే, తలుపు తీసే దిక్కులేని ఇళ్ళు వీధికి నాలుగు. అలాంటి ఇంట్లో దెయ్యమైనా కాపురం పెట్టిందంటే, దాన్ని ఆక్రమణ అనాలో న్యాయం అనాలో తేల్చడం కష్టం.

ఈ కథ సిస్టర్‌ది. రాత్రి డ్యూటీ నర్సు. ఆసుపత్రిలో అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. ఒకసారి నిద్రమత్తులో మొగుడు కూడా పిలిచి, ఆ పూటంతా తిట్లు తిన్నాడు. ఆయన దర్జీ. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క, గుండెలో పిరికితనం.

పదమూడేళ్ళ కాపురంలో పదకొండు అద్దె ఇళ్ళు. మొదటి ఇంటాయన కుట్టుమిషను చప్పుడు పడదన్నాడు. రెండో ఇంటావిడ, ఆడమనిషి తెల్లారి ఇంటికి రావడం పడదంది. మూడో ఆయన ఏమీ అనలేదు, తాళం మార్చేశాడు. దున్నేవాడిదే భూమి అని గోడల మీద రాశారు. అద్దె కట్టేవాడిదే ఇల్లు అని ఏ గోడ మీదా రాయలేదు — గోడ ఇంటాయనది కదా.

పదకొండో ఇంటాయన మహా మర్యాదస్తుడు.

"ఖాళీ చేయాలమ్మా," అన్నాడు. "ఎన్ని రోజులు కావాలో మీరే చెప్పండి. తొందరేం లేదు. పది రోజులకు మించకుండా." చివర్లో చిన్నగా దగ్గాడు.

దాచినదంతా కలిపినా, అప్పు పుట్టినంతా పుట్టించినా, సిస్టర్‌కు అందే ఇల్లు ఊరంతటికీ ఒక్కటే. దెయ్యం పేరుతో ధర పడిపోయిన లెక్కలిల్లు.

దాన్ని చూపించే ఏజెంటును తాళాలాయన అంటారు. నడుముకు తాళంచెవుల గుత్తి. ఆయన వీధి మొదట్లో ఉంటే వీధి చివర వినిపిస్తుంది. ఊళ్ళో అమ్మకానికి ఉన్న ప్రతి ఇంటి తాళంచెవీ ఆ గుత్తిలో ఉంటుంది. నోటినిండా తేనె. మురికికాలువ పక్క ఇంటిని చూపిస్తూ "నీటికి దగ్గర" అంటాడు. శ్మశానం పక్క ఇంటికి "ఇరుగుపొరుగు గొడవ లేదు" అంటాడు. అలాంటి మనిషి లెక్కలింటి విషయంలో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"అమ్మా, దాచి అమ్మడం నా వల్ల కాదు. ఈ ఇంట్లో దెయ్యం ఉంది."

నాలుగేళ్ళుగా, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే మాట చెప్పాడు. వాళ్ళంతా ఆయన చేతులు పట్టుకుని, మీలాంటి నిజాయితీపరులు ఇంకా ఉన్నారా అంటూ, అటునుంచి అటే వేరే ఇల్లు కొనుక్కుని పోయారు. కాలువ పక్కది.

సిస్టర్ చేతులు పట్టుకోలేదు. పదహారేళ్ళుగా రోగుల మాటలు వింటున్న మనిషి. అన్నీ అబద్ధాలు చెప్పేవాడు ఒక్కచోట నిజం చెబితే, నొప్పి అక్కడే ఉన్నట్టు.

"పదండి అన్నయ్యా, చూద్దాం," అంది.

పట్టపగలు. అయినా దర్జీ గేటు దాటలేదు. "నువ్వు లోపల చూడు. నేను బయటి కొలతలు చూస్తా," అని టేపు తీశాడు.

తాళాలాయన వీధి తలుపు ముందు నిలబడ్డాడు. తాళం తీయలేదు. తలుపు మీద మూడుసార్లు తట్టాడు — గట్టిగా. ఆగాడు. పెదాలు కదుపుతూ కాసేపు నిలబడి... అప్పుడు తీశాడు.

"ఎవరూ లేని ఇంటికి తలుపు తట్టడమెందుకన్నయ్యా?"

"ఎవరూ లేరు కదా అని దూసుకుపోతే దానికి కోపం రాదా అమ్మా? ఎంతైనా ముందొచ్చింది అది."

నాలుగేళ్ళు మూసి ఉన్న ఇల్లు. ముక్కవాసన రావాలి. రాలేదు. నేల మీద వేలు రాసి చూసింది. దుమ్ము లేదు. వంటింట్లో కొళాయి తిప్పింది. దగ్గి, ఉమ్మి, ఎర్రనీళ్ళు కక్కుతుందనుకుంది. తిన్నగా పోసింది.

"శుభ్రమైన దెయ్యం," అంది సిస్టర్.

"అవునమ్మా. అదొక్కటే నయం."

వంటింటి మూల, వెనక తలుపు పక్కన, ఒక మట్టికుండ. మూత పెట్టి ఉంది. వెనకున్న గోడ చూద్దామని సిస్టర్ దాన్ని కొంచెం పక్కకు జరిపింది.

"కుండ జరపకండి!"

మొదటిసారి ఆ గొంతులో తేనె లేదు. ఆయనే వంగి, దాన్ని పూర్వం ఉన్నచోటే పెట్టాడు. నేల మీద దాని గుర్తు గుండ్రంగా కనిపిస్తోంది. ఆ గుర్తు మీద ఇసుమంత తేడా లేకుండా సరిచేశాడు.

"దానిదమ్మా. జరిపితే ఊరుకోదు."

వెనక తలుపుకు గడియ వేసి లేదు. సిస్టర్ దాన్నే చూస్తోందని గమనించి, "తుప్పు పట్టింది, పడదు," అన్నాడు. గడియ నూనె రాసినట్టు మెరుస్తోంది.

సిస్టర్ బయటికొచ్చింది.

"ఎలా ఉంది?" అన్నాడు దర్జీ.

"వంటిల్లు పెద్దదే."

"నేనడిగింది వంటిల్లు గురించి కాదోయ్..."

జ్వరాన్ని పగలు చూసి తేల్చకూడదు. రాత్రి చూడాలి. ఇల్లూ అంతేనని సిస్టర్ అనుకుంది. పది రోజుల్లో ఆరు అయిపోయాయి. దెయ్యంతో కలిసి బతకడం కుదురుతుందో లేదో ఆ రాత్రి తేలిపోవాలి. కుదిరితే తెల్లారి సంతకం. కుదరకపోతే పన్నెండో ఇంటాయన. ఎటు చూసినా దెయ్యమే మేలనిపించింది — దెయ్యాలు మనుషుల్ని పీక్కుతింటాయంటారు గానీ, ఏడాదికోసారి రేటు పెంచుతాయని ఎవరూ అనలేదు.

డ్యూటీ ఉందని దర్జీకి చెప్పి బయల్దేరింది. నిజానికి ఆ రాత్రి సెలవు.

వీధి నిద్రపోయింది. లెక్కలింటి ముందు తాళం వేలాడుతోంది. పక్కసందులోంచి వెనక్కి వెళ్ళింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. తలుపు మీద వేలు పెట్టి తోసింది...

చప్పుడు లేకుండా తెరుచుకుంది. బందులకు కూడా నూనె.

లోపల చీకటి. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. తలుపు దగ్గరకు వేసి, గోడ పట్టుకుని, కుండ పక్కన నేలమీద కూర్చుంది. వెన్ను గోడకు ఆనించింది. మోకాళ్ళు దగ్గరకు లాక్కుంది.

ఎంతసేపు గడిచిందో తెలీదు. ఎక్కడో బల్లి అరిచింది. కొళాయి నుంచి ఒక్క చుక్క పడింది. అప్పుడు... ముందు గదిలో ఏదో కదిలింది. గుడ్డ రాసుకున్న చప్పుడు. గాజు మీద గాజు.

తర్వాత అడుగు.

"ఒకటి..."

గొంతు గుసగుసలా ఉంది. నిద్రలోంచి వచ్చినట్టుంది.

"రెండు... మూడు..."

ఇంత చీకట్లో మనిషైతే తడుముకుంటుంది. గోడకు తగులుతుంది. ఈ అడుగులు పగటివేళ బజారులో నడిచినట్టు వస్తున్నాయి. తిన్నగా. ఆమె వైపే.

"నాలుగు... ఐదు..."

సిస్టర్ అలవాటు ప్రకారం తన మణికట్టు తనే పట్టుకుంది. నాడి నూట ఇరవై. ఫర్వాలేదు, ఇంతకంటే ఎక్కువ చూసింది.

"ఆరు... ఏడు..."

ఆగింది.

ఎనిమిది అనలేదు.

గాలి కదిలింది. ముఖానికి దగ్గరగా ఎవరిదో ఊపిరి. అంతలో — చల్లటి వేళ్ళు ఆమె నుదుటి మీద పడ్డాయి. నుదురు, కనుబొమ్మలు, ముక్కు, మెల్లగా తడిమి... చటుక్కున వెనక్కి పోయాయి.

"అయ్యో," అంది ఆ గొంతు. "ఇల్లు చూడ్డానికొచ్చారా? మరి... తలుపు తట్టలేదేం?"

ముందు గదిలో ఏదో పెద్దగా మోగింది.

తాళంచెవుల గుత్తి.

టార్చిలైటు వెలిగింది. దాని వెనక తాళాలాయన — బనీను, చెదిరిన జుట్టు, పట్టపగలు ఎప్పుడూ కనిపించని ముఖం. వెలుగు మొదట సిస్టర్ మీద పడింది. తర్వాత కుండ దగ్గర నిలబడ్డ ఒక నడివయసు మనిషి మీద. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. వెలుగు నేరుగా పడినా రెప్ప వాల్చలేదు.

తాళాలాయన వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"మీ వదిన," అన్నాడు.

ఆవిడకు చూపు పోయి ఆరేళ్ళు. వైద్యానికి ఉన్న ఇల్లు పోయింది. అప్పట్నుంచి ఆయన దగ్గర అమ్ముడుపోని ఇల్లు ఏదుంటే అందులో తలదాచుకోవడం. బేరానికెవరైనా వస్తే వీధి తలుపు మీద మూడు దెబ్బలు. ఆవిడ చాపా చెంబూ అటక మీదికి తోసి, అడుగులు లెక్కపెట్టుకుంటూ, వెనక తలుపులోంచి పెరట్లోకి.

"ఈయన పనిమంతుడమ్మా," అంది ఆవిడ. "ఏ ఇల్లిచ్చినా అమ్మేస్తాడు. అదే మా ఖర్మ."

"ఇల్లు మారినప్పుడల్లా అడుగులు మళ్ళీ మొదట్నుంచి నేర్పాలి," అన్నాడు ఆయన. "గడప ఎక్కడ, మెట్టెక్కడ... ఇంతకుముందు ఇంట్లో మెట్టు దగ్గర పడి చెయ్యి విరిగింది. ఇక్కడికొచ్చాక అనుకున్నాను — ఇంక ఈ ఒక్కటీ అమ్మనని."

"ఎన్ని ఇళ్ళు మారారు?"

"మొదటి రెండేళ్ళలో తొమ్మిది. ఇది పదోది."

"మావి పదకొండు," అంది సిస్టర్. ఒక్కటి తేడాతో నెగ్గింది. సంతోషమేమీ కలగలేదు.

"మరి ఎనిమిది దగ్గరే ఎందుకాగుతారు వదినా? ఊరంతా తొమ్మిదికి భయపడుతోంది."

"తొమ్మిదెందుకమ్మా? నా పక్క నుంచి కుండ ఎనిమిదిలోనే ఉంటే! రాత్రిపూట దాహమేస్తుంది."

తాళాలాయన టార్చి కిందకు దించాడు. గొంతు సవరించుకున్నాడు. పనిలో ఉండే గొంతు తెచ్చుకోబోయాడు గానీ, రాలేదు.

"దెయ్యం లేదని మీకు తెలిసిపోయింది. రేపొచ్చి సంతకం పెట్టండి. ఓనరు మీ ధరకు ఎప్పుడో ఒప్పుకున్నాడు, ఆపింది నేనే. మాకు... ఎన్ని రోజులిస్తారో మీరే చెప్పండమ్మా."

ఎన్ని రోజులు. పదమూడేళ్ళుగా వింటున్న మాట. మొదటిసారి ఆ రోజులు ఇవ్వాల్సింది ఆమె.

సిస్టర్ నోరు తెరిచింది. జవాబు అప్పటికే నాలుక చివర సిద్ధంగా ఉంది. తొందరేం లేదు. పది రోజులకు మించకుండా.

ఆ గొంతు కూడా ఆమెది కాదు. పదకొండో ఇంటాయనది. ఆ నిదానం, ఆ మర్యాద, చివర్లో ఆ చిన్న దగ్గు — అన్నీ వచ్చేశాయి.

ఆ రాత్రి ఆ ఇంట్లో ఆమెకు భయమేసింది అప్పుడొక్కసారే.

పళ్ళు బిగించింది. కుండ మూత తీసి, చెంబెడు నీళ్ళు ముంచుకుని, ఆ గొంతు కడుపులోకి దిగిపోయేదాకా తాగింది. మూత పెట్టింది. కుండ ఉన్నచోటే ఉందో లేదో చేత్తో తడిమి చూసింది.

"అన్నయ్యా," అంది. ఈసారి సొంత గొంతే. "దెయ్యం ఉన్న ఇల్లని చెప్పి చూపించారు. దెయ్యాన్ని నమ్ముకునే వచ్చాను. ఇప్పుడు తీసేసి ఇస్తానంటే ఒప్పుకోను. ఉన్నది ఉన్నట్టే ఇప్పించండి."

తెల్లారి ఇంటికి వెళ్ళేసరికి దర్జీ మిషను ముందు కూర్చుని ఉన్నాడు.

"డ్యూటీ ఎలా జరిగింది?"

"ఇల్లు కొంటున్నాం."

మిషను ఆగిపోయింది. "మరి... దెయ్యమో?"

"ఉంది. వెనక గదిలో ఉంటుంది. వాళ్ళాయనతో పాటు."

దర్జీ టేపు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"మాట్లాడిందా? ఏమంది?"

"కుండ జరపొద్దంది."

"ఇంకా?"

"అద్దె నెలకెంత ఇమ్మంటారని అడిగింది."

"నువ్వేమన్నావు?"

సిస్టర్ ముందు గొంతు సవరించుకుంది... ఏ గొంతు వస్తుందో చూసుకుని గానీ మాట్లాడకూడదు కదా.