పాత నంబరు ఎత్తినవాడు

టైలరు షాపు పైన ఒక గది ఉంది. అందులో ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద వరసగా చవక ఫోన్లు. కింద కుట్టు మిషను టకటకలాడుతుంటే, పైన మన జలుబుగాడు కాళ్లు బార్లా చాపుకుని కూర్చుని ఎవరెవరి కొడుకుగానో వేషం కడుతుండేవాడు. వీడి మొహానికి అదో ఉద్యోగం!

పనేమిటంటే, చేతికి దొరికిన నంబరుకల్లా ఒకటే మెసేజి కొట్టడం. "అమ్మా, నా ఫోను నీళ్లలో పడింది. ఇది కొత్త నంబరు. అర్జెంటు." అంతే. కింద పేరుండదు. ఏ తల్లికి వెళ్తుందో తెలిస్తే కదా పేరు రాయడానికి! కంగారుపడ్డ తల్లే ఫోను చేసి "పెద్దోడా?" అంటుంది. వీడు "ఆఁ" అంటాడు. పేరూ వరసా అన్నీ పాపం ఆవిడే అందిస్తుంది. గొంతు తేడాగా ఉందేమిట్రా అంటే "జలుబమ్మా" అని ముక్కుతో మూలుగుతాడు. తోటి దొంగలు ఆ పేరు పెట్టింది అందుకే. ఆ తల్లి ఫోను పెట్టేసి కొడుకు పాత నంబరుకి ఒక్కసారి చేస్తే చాలు, వీడి బండారం బయటపడుతుంది. కంగారులో ఎంతమంది చేస్తారు చెప్పండి? అదే వీడి ధైర్యం. మహా వీరుడు మరి!

ఆ రోజు సందె చీకటి పడుతోంది. లేచి లైటు వేయడానికి కూడా బద్ధకం దొరగారికి. ఒక ఫోను మోగింది.

"చిన్నోడా..." ముసలి గొంతు. గాలితో మాట్లాడినట్టుంది.

"ఆఁ, నేనేనమ్మా. జలుబు చేసింది."

"చెయ్యదూ మరి! అంతకాలం నీళ్లలో ఉంటే..."

ఆ మాట వీడి చెవికెక్కితేగా! "అమ్మా, నీ ఫోనుకి ఓటీపీ వస్తుంది, గబగబా చదివెయ్. టైము లేదు."

"చదువుతా నాన్నా. ఒక్క క్షణం. ఇలాంటి ఫోనొస్తే పాత నంబరుకి చేసి చూసుకోమని బ్యాంకులో అమ్మాయి చెప్పింది. ఇంట్లో ఇంకో ఫోనుందిలే."

బుర్ర ఉన్నవాడు అక్కడే పెట్టేసేవాడు. వీడికి ఆశ. "ఎందుకమ్మా, అది పాడైపోయిందన్నాగా. మోగదు."

"మోగుతోందిరా..."

వీడికీ వినిపించింది. అటువైపు గదిలో, రెండో ఫోనులో, రింగు. మళ్లీ రింగు. ఆగింది. ఎవరో ఎత్తారు.

మాట లేదు. బుడబుడమని ఏదో చప్పుడు. నిండా మునిగిన బిందెలోంచి గాలి పైకొచ్చినట్టు...

"ఎత్తాడు," అంది ముసలమ్మ. "ఏట్లో పోయిన దగ్గర్నుంచీ రోజూ చేస్తూనే ఉన్నా. ఇన్నాళ్లకి ఎత్తాడు నా తండ్రి." మెల్లగా అడిగింది. "మరి నువ్వెవరివి?"

అప్పుడైనా జలుబుగాడు నిజం చెప్పొచ్చుగా? ఏళ్ల తరబడి అబద్ధం మరిగిన నోరు! దానంతటదే వాగేసింది.

"నేనే... నీ కొడుకునే."

మళ్లీ బుడబుడ. ముసలమ్మ చెవి ఒగ్గి విన్నట్టుంది.

"వాడి చోటికి నువ్వొస్తే... నీ చోట వాడుంటాడట, బాబూ."

ఫోను తెగిపోయింది.

కింద మిషను ఆగింది. గది నిండా నాచు వాసన. బురద వాసన. కుర్చీ వెనక టప్... టప్... వీడు తల తిప్పలేదు. చల్లగా ఏదో భుజాన్ని రాసుకుంటూ వెళ్లింది. తలుపు గొళ్లెం కదిలింది. తెరుచుకుంది. మెట్ల మీద చప్పుడు... దిగిపోయింది.

తడుముకుంటూ లైటు వేశాడు. నేల మీద తడి అడుగులు. తన కుర్చీ దగ్గర మొదలై గుమ్మం దాటాయి. లోపలికి వచ్చిన అడుగు ఒక్కటీ లేదు. బల్ల మీద తన సొంత ఫోనూ లేదు.

దొంగ ఫోనొకటి చేత్తో పట్టుకుని పడుతూ లేస్తూ కిందికి పరుగెత్తాడు. టైలరు కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు.

"అదేంటి బాబూ, ఇప్పుడేగా బయటికెళ్లావు, ఒళ్లంతా తడిసి! పలకరిస్తే నవ్వావు కూడా. మళ్లీ ఎప్పుడెక్కావ్?"

వీడి ఇల్లు ఊరికి ఆ చివర. అక్కడ తల్లి ఒక్కతే ఉంటుంది. అవునండీ, ఇంతమంది తల్లుల్ని ఏడిపించినవాడికీ ఒక తల్లి ఉంది. గబగబా ఆవిడ నంబరు నొక్కాడు.

"అమ్మా, నేనే! నా ఫోను పోయింది. ఇది వేరే నంబరు. ఎవరొచ్చినా తలుపు తియ్యకు!"

గొంతు బొంగురుపోయింది. ఈసారి నటన కాదు.

"ఎవడ్రా నువ్వు?" అంది కన్నతల్లి. "ఇలాంటి ఫోన్లొస్తాయని, నమ్మొద్దని మా వాడు నాకెప్పుడో చెప్పాడు. ఇదిగో, ఇక్కడే ఉన్నాడు. తల తుడుస్తున్నా."

"వాడు నేను కాదమ్మా! ఏదైనా అడుగు... మనిద్దరికే తెలిసింది అడుగు!"

"సరే. చిన్నప్పుడు ఏమని పిలిచి అన్నం పెట్టేదాన్ని?"

నోరు తెరిచాడు. నాలుక మీదే ఉంది ఆ పిలుపు... రాలేదు. దాని బదులు ఒక వంటిల్లు కళ్ల ముందుకొచ్చింది. కిటికీలోంచి ఏరు కనిపిస్తోంది. పొయ్యి గట్టు మీద సొట్టపడిన సత్తు గిన్నె. గిన్నె పట్టుకున్న ముడతల చెయ్యి. ఆ ఇల్లు వీడెప్పుడూ చూడలేదు. కానీ ఆ గిన్నెకి సొట్ట ఎలా పడిందో గుర్తుంది.

అటునుంచి తన గొంతే వినిపించింది. తేటగా, ప్రేమగా. "ఎవరమ్మా?"

"ఎవడో మాయదారి వెధవరా. నా కొడుకునంటాడు. పైగా గొంతొకటి, జలుబు చేసినట్టు!"

"పెట్టెయ్యమ్మా. పాపం, అలవాటైన ప్రాణం."

ఫోను మూగబోయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

జలుబుగాడు వీధి దీపం కింద నిలబడ్డాడు. గొంతులో ఏదో అడ్డుపడింది. దగ్గాడు. ఇంకా గట్టిగా దగ్గాడు. అరచేతిలోకి ఏదో ఊడిపడింది.

నల్లటి చిన్న నత్త. తడితడిగా... మెల్లగా కొమ్ములు బయటపెట్టి, మళ్లీ వీడి నోటివైపు పాకడం మొదలుపెట్టింది.